జ్ఞాపకశక్తి సప్లిమెంట్లు: కొనే ముందు చేయాల్సిన పనులు, వాడే క్రమం, ఆపే పద్ధతి

కర్నూలులో పగలు విత్తనాల దుకాణంలో లెక్కలు రాస్తూ, రాత్రి గ్రూప్-2కు చదివిన రెండేళ్లలో జ్ఞాపకశక్తి కోసం నేను నాలుగైదు రకాల సప్లిమెంట్లు వాడాను. గ్రంథాలయంలో నా పక్కన కూర్చునేవాళ్లు, మా వీధిలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగేది ఒకటే: "ఏ మాత్ర వేసుకున్నావు?" ఒక పేరు చెప్పి పంపేస్తే వాళ్లకు అన్యాయం చేసినట్టే. మాత్ర పేరు ఈ పనిలో ఆఖరున వచ్చే సంగతి. దానికి ముందు నాలుగు పనులున్నాయి. వాటిని దాటేసి నేను మొదటి ఆరు నెలలు, చాలా డబ్బు పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

## 1. ముందుగా: ఎవరు వాడకూడదు

కింది వాటిలో ఒక్కటి మీకు వర్తించినా, డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టవద్దు.

- 18 ఏళ్లు నిండనివారు. ఇంటర్ పిల్లలకు ఇవి వద్దు. వాళ్లకు కావలసింది నిద్ర, కడుపు నిండా ఉదయపు తిండి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు.
- రక్తం పలుచబడే మందులు, మూర్ఛ మందులు, మానసిక ఆరోగ్యానికి సంబంధించిన మందులు, థైరాయిడ్ మాత్రలు వాడుతున్నవారు.
- కాలేయం, మూత్రపిండాలు, గుండె జబ్బులున్నవారు.
- కొద్ది వారాల్లో ఆపరేషన్ ఉన్నవారు.

మరొక మాట. మతిమరుపు ఉన్నట్టుండి మొదలైనా, మాట తడబడుతున్నా, తెలిసిన దారి తప్పుతున్నా, చేతులు కాళ్లు తిమ్మిరెక్కుతున్నా అది సప్లిమెంట్లతో సరిచేసుకునే విషయం కాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

## 2. రక్తపరీక్షలు: అసలు లోటు ఎక్కడుందో తెలుసుకోవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే.

నేను చిన్నప్పటి నుంచి శాకాహారిని. పైగా ఏడాదిన్నర పాటు ఎవరినీ అడగకుండా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకున్నాను. చదివింది నిలవడం లేదని బాధపడుతూ జ్ఞాపకశక్తి పొడులు కొన్నాను గానీ, పరీక్ష చేయించుకోవాలని తోచలేదు. ఆఖరికి అరికాళ్లలో మంట మొదలై డాక్టర్ దగ్గరికి వెళ్తే, బి12 విటమిన్ మిల్లీలీటరు రక్తానికి 142 పికోగ్రాములని తేలింది. 200 కంటే తగ్గితే లోపం కింద లెక్క. 200 నుంచి 300 మధ్య ఉంటే అనుమానంగా చూస్తారు.

బి12 సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. జొన్నరొట్టె, రాగిసంగతి, పప్పు, వేరుశనగ ఎంత తిన్నా బి12 రాదు. గ్యాస్ మాత్రలు దీర్ఘకాలం వాడితే కడుపులో ఆమ్లం తగ్గి, తిండిలో ఉన్న బి12 కూడా సరిగా ఒంటబట్టదు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవారికీ ఈ లోటు రావచ్చు.

డాక్టర్‌తో మాట్లాడి చేయించుకోవాల్సినవి:

- పూర్తి రక్తకణాల పరీక్ష. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు పురుషులకు 13, గర్భిణులు కాని స్త్రీలకు 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత.
- ఫెరిటిన్. శరీరంలో నిల్వ ఉన్న ఇనుము ఎంతో ఇది చెబుతుంది. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తక్కువగా ఉండవచ్చు.
- బి12, విటమిన్ డి.
- థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్.
- పరగడుపు షుగర్.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. మొదటిది, "పరీక్ష ఎందుకు, బి12 మాత్రలు వేసుకుంటే పోలేదా" అనుకోవడం. మాత్రలు మొదలుపెట్టాక పరీక్షిస్తే అంకె పెరిగి కనిపిస్తుంది, లోటు ఎంత లోతుగా ఉందో తెలియదు. రెండోది, జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు ఆపకుండా థైరాయిడ్ పరీక్షకు వెళ్లడం. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే ఆ పరీక్ష ఫలితమే తారుమారు కావచ్చు. కనీసం రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. మూడోది చాలా ప్రమాదం: బి12 తక్కువగా ఉన్నప్పుడు ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వేసుకోవడం. రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, నరాలకు జరిగే నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది.

ఇంట్లో ఉన్న మందుల డబ్బా కూడా ఒకసారి ముందేసుకుని చూడండి. జలుబుకు, దురదకు వాడే కొన్ని మాత్రలు మగతను తెస్తాయి. ఒకవైపు అవి మింగుతూ మరోవైపు చురుకుదనం కోసం మరొకటి కొనడం వృథా.

## 3. నోటుపుస్తకం: రెండు వారాల లెక్క

ఏదైనా మొదలుపెట్టక ముందే మీ జ్ఞాపకశక్తి ఇప్పుడు ఎలా ఉందో అంకెల్లో రాసుకోవాలి. ఇది లేకపోతే మూడు నెలల తర్వాత "ఏదో బాగున్నట్టుంది" అన్న మాట తప్ప చేతిలో ఏమీ మిగలదు.

నేను చేసిన పద్ధతి ఇది.

1. రోజూ ఉదయం 20 కొత్త విషయాలు ఒక పేజీలో రాసుకోవాలి. ఉదాహరణకు: 280వ అధికరణ ఆర్థిక సంఘం, 324వ అధికరణ ఎన్నికల సంఘం, శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరు 16.
2. గడియారం పెట్టుకుని 10 నిమిషాలు చదవాలి. ఆ పేజీ మూసేయాలి.
3. మళ్లీ తిప్పకుండా, సరిగ్గా ఏడో రోజు ఖాళీ కాగితం మీద గుర్తున్నవి రాయాలి. 20లో ఎన్ని వచ్చాయో పక్కన వేయాలి.
4. అదే పేజీలో రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎన్ని కప్పుల కాఫీ టీలు తాగారు, ఆపకుండా ఎన్ని నిమిషాలు చదవగలిగారు అన్నవి రాయాలి.

ఈ 20 విషయాలు మీ అసలు సిలబస్ పునశ్చరణలో ఉండకూడదు. ఉంటే గుర్తున్నది మాత్ర వల్లో, మళ్లీ చదవడం వల్లో తెలియదు. కష్టం కూడా ఒకే స్థాయిలో ఉండాలి. ఒక రోజు తేదీలు, మరో రోజు తెలిసిన ఊర్ల పేర్లు పెట్టుకుంటే లెక్క చెడుతుంది.

నా మొదటి రెండు వారాల సగటు 20కి 8.

## 4. నిద్ర, కాఫీ సమయం

పగలు చదివింది మెదడులో స్థిరపడటానికి నిద్ర కావాలి. ఐదు గంటలు పడుకుని ఏ మాత్ర వేసుకున్నా ప్రయోజనం లేదు. కనీసం ఏడు గంటలు.

కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికి మామూలుగా ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం నాలుగింటికి 100 మిల్లీగ్రాములు తాగితే రాత్రి తొమ్మిదికి ఇంకా 50 ఒంట్లో ఉంటుంది. మధ్యాహ్నం రెండు తర్వాత కాఫీ ఆపేశాను. మొదటి నాలుగు రోజులు తలనొప్పి వచ్చింది. ఒక్కసారిగా ఆపకుండా రోజుకు అరకప్పు చొప్పున తగ్గించుకోవడం మంచిది.

డాక్టర్ ఇచ్చిన బి12 ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు, పెరుగు, గుడ్లు, ఏడు గంటల నిద్ర. మూడు నెలలకు నా సగటు 8 నుంచి 12కు వచ్చింది. ఆ మూడు నెలల్లో నేను జ్ఞాపకశక్తి పేరుతో అమ్మే ఏ సీసా మూతా తిప్పలేదు. మొత్తం ప్రయాణంలో ఇంత పెద్ద మార్పు తర్వాత ఎప్పుడూ రాలేదు.

## 5. ఏవి ఎంచుకోవచ్చు, ఏవి వద్దు

పై పనులు పూర్తయ్యాకే ఈ అంచెలోకి రండి.

బ్రాహ్మి. మన దగ్గర పెద్ద గందరగోళం ఈ పేరుతోనే. చాలామంది సరస్వతి ఆకునే బ్రాహ్మి అనుకుంటారు, కొందరు అలాగే అమ్ముతారు కూడా. సరస్వతి ఆకు గుండ్రంగా, విసనకర్రలా ఉంటుంది. దాని శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. జ్ఞాపకశక్తి మీద ఎక్కువగా పరీక్షించింది చిన్న దళసరి ఆకులు, తెల్లని చిన్న పూలుండే నీటి బ్రాహ్మిని. దాని పేరు బకోపా మొన్నియెరి. సీసా మీద ఈ రెండో పేరే ఉండాలి.

పరిశోధనల్లో ఎక్కువగా వాడిన మోతాదు రోజుకు 300 మిల్లీగ్రాముల సారం, 12 వారాలు. వెంటనే చురుకుదనం రాదు. కొత్తగా నేర్చుకున్నది మరిచిపోయే వేగం కాస్త తగ్గడమే దీనిలో కనిపించిన ప్రయోజనం. రెండు వారాలకే పని చేయలేదని పారేసేవాళ్లే ఎక్కువ.

ఎల్-థియనిన్, కాఫీతో కలిపి. ఇది తేయాకులో ఉండే పదార్థం. కాఫీ తాగితే చేతులు వణికేవారికి, గుండె దడ వచ్చేవారికి ఆ ఉద్వేగాన్ని కొంత తగ్గిస్తుంది. కెఫీన్ 100 మిల్లీగ్రాములకు థియనిన్ 200 అన్నది ఎక్కువమంది పాటించే పాళ్లు. ఒక పెద్ద కప్పు ఫిల్టర్ కాఫీలో దాదాపు అంత కెఫీన్ ఉంటుంది.

క్రియాటిన్. వ్యాయామం చేసేవారి పొడిగా తెలిసినదే. మాంసంలో దొరుకుతుంది కనుక శాకాహారుల్లో నిల్వలు తక్కువ. శాకాహారులకు రోజుకు 5 గ్రాములు ఆరు వారాలు ఇచ్చిన ఒక పరిశోధన 2003లో వచ్చింది, అందులో మెరుగుదల కనిపించింది. నా నోటుపుస్తకంలో మాత్రం ఏ తేడా కనిపించలేదు. వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె కాస్త పెరిగి కనిపించవచ్చు. వాడుతున్నట్టు డాక్టర్‌కు చెప్పకపోతే మూత్రపిండాల జబ్బేమోనని అనవసరమైన కంగారు.

అశ్వగంధ. మన పెన్నేరు గడ్డ. ఒత్తిడికి, నిద్రకు వాడతారు, జ్ఞాపకశక్తికి నేరుగా కాదు. థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. అరుదుగా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

జింకో. 75 ఏళ్లు దాటిన 3,069 మందికి అమెరికాలో కొన్నేళ్లపాటు దీన్ని ఇచ్చి చూశారు. మతిమరుపు జబ్బును ఆపలేదని 2008లో తేల్చారు. రక్తం పలుచబడే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పు. నేను కొనలేదు, మీకూ చెప్పను.

మొడాఫినిల్, పిరాసెటమ్ వంటివి. ఇవి సప్లిమెంట్లు కావు, డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందులు. మొడాఫినిల్ నిద్ర జబ్బులకు ఇచ్చేది. అరుదుగా ఒంటి మీద ప్రాణాంతకమైన దద్దుర్లు తెస్తుంది, గర్భనిరోధక మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. "పరీక్ష ముందు రాత్రి ఒకటి వేసుకో" అని హాస్టల్ గదుల్లో చేతులు మారుతున్న స్ట్రిప్పులు చూశాను. దయచేసి ముట్టుకోవద్దు.

## 6. సీసా మీద చదవాల్సినవి

- ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తు, 14 అంకెల లైసెన్సు సంఖ్య. ఆయుర్వేద మందుగా అమ్మితే తయారీ లైసెన్సు సంఖ్య.
- ఒక్కో పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో విడివిడిగా ఉండాలి. "ప్రత్యేక మిశ్రమం 850 మి.గ్రా." అని ఒకే అంకె వేసి కింద పన్నెండు పేర్లు రాస్తే కొనవద్దు.
- బ్రాహ్మి అయితే అందులో బకోసైడ్ల శాతం. బ్రాహ్మిలో ముఖ్యంగా పనిచేసే పదార్థాలు ఇవే.
- మొక్కలో ఏ భాగం, పొడా సారమా అన్నది.
- గడువు తేదీ, మూత కింద సీలు.

శాతం లెక్క ఒకసారి చేసి చూద్దాం. ఒక సీసాలో క్యాప్సూల్ 500 మి.గ్రా., బకోసైడ్లు 20 శాతం, అంటే 100 మి.గ్రా. ఇంకో సీసాలో 300 మి.గ్రా., 50 శాతం, అంటే 150 మి.గ్రా. పెద్ద అంకె ఉన్న సీసాలోనే సరుకు తక్కువ. ధరను కూడా ఈ చివరి అంకెతోనే పోల్చాలి.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. ఒక దుకాణంలో "మెమరీ" అని రాసి ఉన్న పొడి కొన్నాను. పేర్ల వరుసలో అడుగున కెఫీన్ ఉంది, ఎంతో లేదు. నా మూడు కప్పుల కాఫీకి అది తోడై పది రోజులు నిద్ర లేదు, గుండె దడ. ఆరోగ్యవంతులైన పెద్దవారికి రోజు మొత్తం మీద కెఫీన్ 400 మి.గ్రా. దాటకూడదు.

## 7. వాడే క్రమం

ఒకసారికి ఒక్కటే. రెండు కలిపి మొదలుపెడితే మంచి జరిగినా చెడు జరిగినా దేనివల్లో తెలియదు.

1. మొదటి మూడు రోజులు సగం మోతాదు. ఒంటికి పడుతుందో లేదో చూడండి.
2. బ్రాహ్మి భోజనం మధ్యలోనో, తిన్న వెంటనేనో వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే వికారం, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. నాకు పెరుగన్నం తిన్నాక పడింది.
3. రోజూ ఒకే వేళకు. మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోవద్దు.
4. థియనిన్ ఉదయం కాఫీతో. క్రియాటిన్ ఏ వేళైనా సరే, నీళ్లు మాత్రం బాగా తాగాలి.
5. ఇనుము మాత్రలు డాక్టర్ రాసి ఉంటే టీ, కాఫీలకు గంట దూరంలో వేసుకోండి. టీ ఇనుమును ఒంటబట్టనివ్వదు.
6. ఒకటి ఆపాక రెండు వారాలు ఖాళీ ఉంచి, ఆ తర్వాతే మరొకటి.

పరీక్ష రోజున కొత్తది ఎప్పుడూ మొదలుపెట్టవద్దు. కనీసం మూడు నమూనా పరీక్షల్లో వాడి చూసిందే ఆ రోజు వాడాలి.

## 8. మీ ఆశను పక్కన పెట్టి పరీక్షించడం

థియనిన్ వాడిన తొలి నెలలో నా చదువు ఒక్కో విడతకు 25 నిమిషాల నుంచి 40కి పెరిగిందని ఎంతో సంతోషపడ్డాను. ఆ పెరుగుదల మాత్రదా, నా నమ్మకానిదా తేల్చుకోవడానికి చెల్లెలి సాయం అడిగాను.

తను పది ఖాళీ క్యాప్సూళ్లలో బియ్యప్పిండి నింపింది. అదే సైజు థియనిన్ క్యాప్సూళ్లు పది తీసుకుంది. రోజుకొకటి చొప్పున 20 చిన్న కవర్లలో కలిపేసి, ఏ రోజు ఏది అన్నది తన దగ్గర రాసి దాచుకుంది. రోజూ కళ్లు మూసుకుని మింగి, కాఫీ తాగి, ఎన్ని నిమిషాలు చదివానో రాశాను. "ఈరోజు అసలుదా, పిండిదా" అన్న నా ఊహ కూడా రాశాను.

20 రోజుల తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టాం. నా ఊహ 13 సార్లు సరైంది. నాణెం ఎగరేసినా పది వస్తాయి, కాబట్టి అది గొప్ప కాదు. అసలు మాత్ర రోజుల్లో సగటు 38 నిమిషాలు, పిండి రోజుల్లో 34. తేడా నాలుగు నిమిషాలే. మిగిలిందంతా నా నమ్మకం, కాఫీ చేసిన పని. అప్పటి నుంచి థియనిన్‌ను దడ పుట్టే పరీక్ష రోజులకే ఉంచుకున్నాను.

ఒకరోజులో పనిచేసే వాటికే ఈ పద్ధతి. బ్రాహ్మి వారాల తరబడి పనిచేస్తుంది కనుక దానికి నోటుపుస్తకమే ఆధారం. 12 వారాల బ్రాహ్మి తర్వాత నా సగటు 12 నుంచి 13.5కు చేరింది. అందులో కొంత అన్ని రోజులు సాధన చేయడం వల్ల వచ్చినదే. ఏదీ వాడని నెలల్లో కూడా నా అంకె నెమ్మదిగా పెరగడం గమనించాను.

## 9. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు

నిద్ర పట్టడం లేదు. సీసాలో కెఫీన్, గ్రీన్ టీ సారం, గ్వారానా ఉన్నాయేమో చూడండి. గ్వారానా అనే గింజల్లో ఉండేదీ కెఫీనే.

బ్రాహ్మితో మగత. మోతాదును రాత్రి భోజనానికి మార్చండి. అయినా తగ్గకపోతే మానేయండి.

మొదటి వారం బాగుంది, తర్వాత ఏమీ లేదు. మొదటి వారం బాగుండటం చాలావరకు కొత్త ఉత్సాహం. మోతాదు పెంచవద్దు.

క్యాప్సూళ్లు అంటుకుపోతున్నాయి. ఏప్రిల్, మేలలో కర్నూలు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి గోడకు ఆనించిన ఇనుప బీరువాలో, బండి డిక్కీలో సీసా ఉంచితే క్యాప్సూల్ తొడుగులోని జెలటిన్ మెత్తబడుతుంది. ఇంట్లో చల్లగా ఉండే నేల అలమరలో, లోపలి తేమ పీల్చే పొట్లం తీయకుండా ఉంచండి. కుండ పక్కన తేమ ఉంటుంది, అక్కడ వద్దు. చేప నూనె క్యాప్సూళ్లు ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. కుళ్లిన వాసన వస్తే పారేయాలి. వేసవిలో పార్సిల్ తెప్పించుకుంటే ఇంట్లో మనిషి ఉండే రోజునే తెప్పించుకోండి.

డాక్టర్‌కు చెప్పాలంటే మొహమాటం. సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. నేను అలాగే చేశాను. డాక్టరమ్మ రెండింటిని పక్కకు తీసి, ఎందుకు వద్దో ఐదు నిమిషాలు వివరించారు.

## 10. ఎప్పుడు ఆపాలి

కొనే రోజే ఆపే తేదీ నోటుపుస్తకంలో రాయండి. బ్రాహ్మికి 12 వారాలు, క్రియాటిన్‌కు ఆరు. ఆ తేదీన పాత సగటు, కొత్త సగటు పక్కపక్కన రాసి, 20లో కనీసం ఒకటిన్నర తేడా లేకపోతే మళ్లీ కొనవద్దు. తేడా ఉన్నా నాలుగు వారాలు ఆపి చూడండి. ఆపినా అంకె అలాగే నిలిస్తే దాని అవసరం లేదన్నమాట.

నేను ఆపి చూశాను. నాలుగు వారాల్లో 13.5 కాస్తా 13 అయింది. ఆ అరకు నెలనెలా సీసా కొనడం నాకు సమంజసం అనిపించలేదు. ఇప్పుడు నేను వాడుతున్నది డాక్టర్ రాసిన బి12 మాత్ర ఒక్కటే. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష. గ్యాస్ మాత్ర డాక్టర్ సలహాతో మానేశాను. రోజూ ఉదయం 20 విషయాల పేజీ మాత్రం ఇప్పటికీ రాస్తున్నాను.